ఊళ్ళో నలిగిన చేతులు: యూదు గ్రంథాలు చదువుతూ వైకల్యం గురించి రాసుకోవడం ఎలా

నాకు నత్తి. "ప", "బ" అక్షరాలతో మొదలయ్యే మాట వస్తోందంటే చాలు, రెండు మాటల ముందు నుంచే గొంతు బిగుసుకుంటుంది. న్యూజెర్సీలో ఉద్యోగం చేసిన రోజుల్లో మా పక్కింట్లో ఒక యూదు పెద్దావిడ ఉండేవారు. రిటైరైన టీచర్. రెండు చెవులకీ మెషీన్లు పెట్టుకునేవారు. ఒక ఫిబ్రవరి సాయంత్రం టీకి పిలిచి, వంటింటి బల్ల మీద నా ముందు ఒక కాగితం పెట్టి, "పైకి చదువు" అన్నారు. బైబిల్లో మోషే అనే ప్రవక్త దేవుడితో వాదించే ఘట్టం అది. మూడో మాట దగ్గర ఆగిపోయాను. ఆవిడ ఆ మాట అందించలేదు. టీ కప్పు కూడా కదపలేదు. నా నోట మాట వచ్చేదాకా కాగితం మీదే చూపు పెట్టుకుని కూర్చున్నారు.

ఫిబ్రవరి అని ఊరికే చెప్పలేదు. అమెరికాలోని యూదు సంఘాలు 2009 నుంచి ఆ నెలని వైకల్యం గురించి చదువుకోవడానికి, మాట్లాడుకోవడానికి కేటాయించుకున్నాయి. మేం మాత్రం నెలతో ఆపలేదు, రెండేళ్ళు ప్రతి గురువారం చదివాం. ఇండియాకి తిరిగొచ్చాక అదే పని మా అక్కతో చేస్తున్నాను. అక్కకి చిన్నప్పుడే పోలియో వచ్చింది, కుడి కాలికి క్యాలిపర్ ఉంటుంది.

యూదులు తమ గ్రంథాలు చదివే తీరుకి ఒక పద్ధతి ఉంది. ఆ పద్ధతిలో వైకల్యం గురించిన ఘట్టాలు చదివి, వాటి పక్కన మన సంగతి రాసుకోవడం ఎలాగో చెబుతాను. మీకు వైకల్యం ఉన్నా, ఇంట్లో ఎవరికైనా ఉన్నా, ఎవరికీ లేకపోయినా చేయొచ్చు. మతం మారక్కర్లేదు, హీబ్రూ రానక్కర్లేదు. ఒక్కటి మాత్రం ముందే చెప్పాలి. ఓదార్పు దొరుకుతుందని మొదలుపెట్టకండి. ఈ గ్రంథాల్లో గుండెకి హత్తుకునే మాటలున్నాయి, చదివి పుస్తకం విసిరికొట్టాలనిపించే మాటలూ ఉన్నాయి. రెండోవాటిని దాటేసి చదివితే మొదటివి కూడా సరిగ్గా అర్థం కావు.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

ఇంట్లో తెలుగు బైబిల్ ఉంటే సగం పని అయినట్టే. క్రైస్తవులు పాత నిబంధన అనేదే, పుస్తకాల వరస కాస్త మారినా, యూదుల తనఖ్. అందులో మొదటి ఐదు కాండాలూ తోరా. ఆ తర్వాతిది మిష్నా: రబ్బీ (అంటే యూదు ధర్మగురువు) యెహూదా హనాసి క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన ధర్మనిర్ణయాల సంపుటి. మిష్నా మీద తరతరాలు సాగిన చర్చ గెమారా. ఈ రెండూ కలిస్తే తల్ముద్. గ్రంథంలో చెప్పకుండా వదిలేసిన చోట్ల కథ అల్లి నింపేది మిద్రాష్.

తల్ముద్ కోసం సెఫారియా అనే ఉచిత వెబ్‌సైట్ వాడండి, ఫోన్ యాప్ కూడా ఉంది. మూలం పక్కనే ఇంగ్లీష్ అనువాదం ఉంటుంది. తల్ముద్‌లో లెక్క పేజీలకు కాదు, మన తాటాకు గ్రంథాల్లో లాగా ఆకులకు. "మెగిల్లా 24బి" అంటే మెగిల్లా అనే భాగంలో 24వ ఆకు, రెండో వైపు.

ఇవి కాక ఒక నోటుబుక్కు, నాలుగైదు చార్టు కాగితాలు, గమ్ము. చార్టులు ఎందుకో తర్వాత చెబుతాను.

(ఇదంతా మనకి చాలా దూరపు వ్యవహారం అనుకుంటారేమో. గుంటూరు జిల్లా కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడుతూ యూదు ధర్మం పాటించే బెనె ఎఫ్రాయిం కుటుంబాలున్నాయి.)

మొదటి అడుగు: జతగా చదివే మనిషిని వెతుక్కోండి

ఈ చదువు ఒంటరిగా చేసేది కాదు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని, పైకి చదువుతూ, వాదించుకుంటూ చదవడాన్ని హెవ్రూతా అంటారు. అరమాయిక్ భాషలో ఆ మాటకి తోడు అని అర్థం. "తోడైనా కావాలి, చావైనా రావాలి" అనే సామెత ఒకటి తల్ముద్‌లోనే ఉంది (తానిత్ 23ఎ).

జతగాళ్ళు అన్నిటికీ తల ఊపేవాళ్ళైతే లాభం లేదు. "అలా ఎక్కడుంది? చూపించు" అని అడిగేవాళ్ళు కావాలి. ఇద్దరిలో ఒకరికైనా వైకల్యంతో దగ్గరి అనుభవం ఉంటే మంచిది. కానీ ఆ ఒక్కరే అన్నిటికీ జవాబు చెప్పాలన్నట్టు కూర్చోబెట్టకండి.

మొదటిరోజే ఒకరి అవసరాలు ఒకరు అడిగి తెలుసుకోండి. పెద్ద అక్షరాలు కావాలా, స్క్రీన్ రీడర్‌తో వింటారా, సైగ భాషలో చేద్దామా, మధ్యలో లేచి కాళ్ళు చాపుకోవాలా అని. నా పక్కింటి ఆవిడకి నా పెదవులు కనిపించాలి, అందుకని దీపం నా మొహం మీద పడేట్టు కూర్చునేవాళ్ళం. నాకేమో సాగదీసినా తొందర పెట్టని మనిషి కావాలి. మరీ కష్టమైన పేరా వస్తే ఇద్దరం ఒకేసారి గొంతు కలిపి చదివేవాళ్ళం. నత్తి ఉన్న చాలామందికి పక్కవాళ్ళ గొంతుతో కలిపి చదివితే మాట సాఫీగా వస్తుంది. వారానికి 40 నిమిషాలు సరిపోతాయి, అంతకు మించితే చర్చ కాస్తా కబుర్లలోకి జారిపోతుంది.

రెండో అడుగు: ఒకే ముక్కను మూడుసార్లు చదవండి

మొదటిసారి వ్యాఖ్యానం లేకుండా పైకి చదవండి. రెండోసారి ఆగి ఆగి, ఏ మాట దగ్గర కాలికి రాయి తగిలినట్టయిందో ఆ మాట కింద గీత గీయండి. మూడోసారి చదివాక ఒకరినొకరు ప్రశ్నలు అడగండి: ఇక్కడ ఎవరు మాట్లాడుతున్నారు? ఎవరి గురించి మాట్లాడుతున్నారో వాళ్ళు ఆ గదిలో ఉన్నారా? వాళ్ళని ఎవరైనా అడిగారా? వైకల్యం గురించిన పాత గ్రంథం ఏదైనా సరే, ఈ మూడో ప్రశ్న వెయ్యండి.

అనువాదంలోని మొరటు మాటల్ని చదివేటప్పుడు సవరించకండి. గ్రుడ్డివాడు, కుంటివాడు అని ఉంటే అలాగే చదవండి. మర్యాద కోసం దివ్యాంగుడు అని మార్చి చదివితే ఆ వాక్యం ఎక్కడ గుచ్చుకుంటుందో తెలియదు. మీరు రాసుకునేటప్పుడు మాత్రం ఎవరు తమని ఏ మాటతో చెప్పుకుంటారో ఆ మాటే వాడండి. అక్క తనని దివ్యాంగురాలు అంటే ఊరుకోదు. "పోలియో కాలు" అంటుంది, అంతే.

మూడో అడుగు: మోషే నాలుకతో మొదలుపెట్టండి

నిర్గమకాండము 4వ అధ్యాయం, 10 నుంచి 16 వచనాలు. ఐగుప్తు (ఈజిప్టు) రాజు ఫరో దగ్గరికి వెళ్ళమని దేవుడు అంటే మోషే తాను మాటకారిని కానంటాడు. తెలుగు బైబిల్లో "నోటి మాంద్యము, నాలుక మాంద్యము" అని ఉంటుంది. హీబ్రూలో ఉన్న మాటకి అర్థం బరువు: బరువైన నోరు, బరువైన నాలుక. మాంద్యం అంటే నెమ్మది, మందకొడితనం. బరువు అంటే వేరు. నత్తి ఉన్నవాళ్ళని అడగండి, నాలుక మందంగా ఉండదు, ఎవరో దాని మీద ఎక్కి కూర్చున్నట్టు ఉంటుంది. హీబ్రూలో అదే ధాతువు తర్వాత ఫరో గుండె బరువెక్కిందని చెప్పేటప్పుడు వస్తుంది, తల్లిదండ్రులను గౌరవించమన్న ఆజ్ఞలోనూ వస్తుంది. ఒకే బరువు నాలుక మీద, మొండి గుండెలో, గౌరవంలో. దీని మీదే మేం రెండు గురువారాలు గడిపాం.

ఇప్పుడు ఇద్దరు వ్యాఖ్యాతలని పక్కపక్కన పెట్టండి. ఇద్దరూ 12వ శతాబ్దపు వాళ్ళే. రష్బాం ఏమంటాడంటే, మోషే చిన్నప్పుడే ఐగుప్తు వదిలి పారిపోయాడు, అక్కడి భాష సరిగ్గా రాదు, అంతే. దేవుడితో ముఖాముఖి మాట్లాడిన ప్రవక్తకి నత్తి ఉంటుందా అంటాడు. ఇబ్న్ ఎజ్రా కాదంటాడు. పుట్టుకతోనే అలా ఉన్నాడు, పెదవులతో, నాలుకతో పలికే అక్షరాలు కొన్ని అసలు పలకలేడు, కొన్ని కష్టపడి పలికేవాడు అంటాడు. పెదవులతో పలికే అక్షరాలంటే నా "ప", నా "బ". ఆ వాక్యం చదివిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎనిమిది వందల ఏళ్ళ కిందట ఒక పండితుడు ఇంత దగ్గరగా చూశాడు. మరో పండితుడు, అంతే గొప్పవాడు, నాలాంటివాడు ప్రవక్త అవడం కుదరదన్నాడు. రష్బాం మాటని నేను మర్చిపోదలచుకోలేదు. మీరూ మీకు తగిలిన మాటని దాటేయకండి.

మిద్రాష్ కథ ఇంకొకటి ఉంది. పసివాడు మోషే ఫరో కిరీటం లాక్కున్నాడని, పరీక్షించడానికి ముందు బంగారం, నిప్పుకణిక పెట్టారట. దేవదూత చెయ్యి తోస్తే నిప్పు పట్టుకుని నోట్లో పెట్టుకున్నాడట, నాలుక కాలిందట. వైకల్యం ఎక్కడ కనిపించినా "ఎలా వచ్చింది?" అని కారణం తవ్వే అలవాటు మనకెంత ఉందో వాళ్ళకీ అంతే ఉంది.

ఇక రాయడానికి ప్రశ్న. దేవుడు మోషే నాలుక బాగు చేస్తాననలేదు. నీ నోటికి తోడుగా ఉంటానన్నాడు. మోషే ఇంకెవరినైనా పంపమంటే కోపపడ్డాడు, అయినా అన్న అహరోనుని మాట్లాడటానికి ఇచ్చాడు. మీ జీవితంలో అహరోను ఎవరు? మీ తరఫున మాట్లాడినవాళ్ళు ఎవరు? ఆ సాయం మీరు అడిగారా? ఒక్క సంఘటన తీసుకోండి. గడియారం పెట్టుకుని పది నిమిషాలు పెన్ను ఎత్తకుండా రాయండి. వెనక్కి వెళ్ళి దిద్దకండి. నేను రాసింది గ్యాస్ బుకింగ్ గురించి. ఫోన్లో వినియోగదారు పేరు చెప్పమన్నారు, నేను మా నాన్న పేరులో మొదటి అక్షరం దగ్గర ఆగాను, నాన్న చెయ్యి చాపి రిసీవరు తీసుకున్నారు. ఆయన చేతిలో ఏ కోపమూ లేదు. రిసీవరు ఇంకా నా చెవి వేడితోనే ఉంది.

ఎంత చిన్న సంఘటన తీసుకుంటే అంత మంచిది. "సమాజం మమ్మల్ని చిన్నచూపు చూస్తుంది" అని రాస్తే జతగాళ్ళు అడగడానికేమీ ఉండదు. రిసీవరు గురించి రాస్తే ఎన్నో అడగొచ్చు.

నాలుగో అడుగు: మీ చార్టు మీద తల్ముద్ పుట తయారు చేయండి

డేనియల్ బాంబెర్గ్ 1520-23 మధ్య వెనిస్‌లో తల్ముద్ మొత్తాన్ని అచ్చువేశాడు. నడుమ మూలం, లోపలి అంచున రాషీ అనే పండితుడి వ్యాఖ్యానం, బయటి అంచున తోసఫోత్ అనే తర్వాతి తరాల చర్చ. ఈనాటికీ పుట అలాగే ఉంటుంది. ఎప్పుడూ కలుసుకోని మనుషులు ఒకే కాగితం మీద చుట్టూ కూర్చుని మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది.

అదే మీరూ చేయండి. చదివిన ముక్కని ప్రింటు తీసి చార్టు మధ్యలో అంటించండి. ఎడమ పక్క మీరు, కుడి పక్క మీ జతగాళ్ళు. మొదట కఠినమైన మాటకి అర్థం మాత్రమే రాయండి. పక్కవాళ్ళు రాసింది చదివి, దాని మీద మీ ప్రశ్న ఇంకో రంగులో రాయండి. పై అంచున ఖాళీ వదలండి, ఏడాది తర్వాత వచ్చి రాసుకోవడానికి. చూపు లేనివాళ్ళతో చదువుతుంటే ఇదే పని వాయిస్ మెసేజ్‌లతో చేయొచ్చు. మూలం చదివిన రికార్డింగు ఒకటి, దానికి జవాబుగా ఒకరి తర్వాత ఒకరు రెండేసి నిమిషాలు.

ఐదో అడుగు: గుడ్డివాడి ముందు అడ్డం

లేవీయకాండము 19:14 చిన్న వాక్యం: చెవిటివాణ్ణి తిట్టకూడదు, గుడ్డివాడి ఎదుట అడ్డం వేయకూడదు. రబ్బీలు దీన్ని ఎంత విస్తరించారంటే, విషయం తెలియనివాడికి తప్పుడు సలహా ఇవ్వడం, ద్రాక్షారసం తాగనని మొక్కుకున్నవాడికి గ్లాసు అందించడం (పెసాహిమ్ 22బి), ఇవన్నీ అడ్డం వేయడమే అయ్యాయి. నీతి గొప్పదే. కానీ ఈ విస్తరణలో నిజంగా కళ్ళు కనిపించని మనిషి ఎక్కడికి పోయాడు? అజ్ఞానానికి గుర్తుగా మిగిలాడు. మన భాషలోనూ "కళ్ళు మూసుకుపోయాయి", "చెవిటివాడి ముందు శంఖం" అని ఎంత తేలిగ్గా అంటామో గమనించండి. ఈ వారం రాత చిన్నదే: మీ ఇంటి నుంచి బస్టాపుదాకా నడిచి, దారిలో నిజమైన అడ్డాలన్నీ వరసగా రాయండి. ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మరు, అడ్డంగా పెట్టిన బైకు, మూత లేని మ్యాన్‌హోల్. ఒక్కో అడ్డం పక్కన, అది వేసింది ఎవరో రాయండి.

ఆరో అడుగు: చేతులు

ఒక్కటే చదవడానికి టైముంటే ఇది చదవండి.

ముందు లేవీయకాండము 21:16-23. యాజకుల వంశంలో పుట్టినా ఒంట్లో లోపం ఉంటే బలి అర్పించడానికి దగ్గరికి రాకూడదు. గుడ్డివాడు, కుంటివాడు, కాలో చెయ్యో విరిగినవాడు, గూనివాడు, పొట్టివాడు అని జాబితా ఉంది. 22వ వచనం మాత్రం ఆ పవిత్రాహారం అతను తినొచ్చంటుంది. అంటే వంశంలోంచి తీసెయ్యలేదు, పంక్తిలో చోటుంది, పీఠం దగ్గర లేదు. పైకి చదివాక అక్క చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "భోజనాలకి రమ్మంటారు, పీటల మీదకి రమ్మనరు" అంది. దీన్ని మెత్తబరిచే వ్యాఖ్యానాల కోసం వెంటనే వెతక్కండి. ఒక వారం ఆ జాబితాని అలాగే ఉండనివ్వండి.

రెండో వారం మెగిల్లా 24బి తెరవండి. యెరూషలేము ఆలయం కూలిపోయింది, బలులు లేవు. యాజక వంశస్థులకి మిగిలింది సభ ముందు నిలబడి, చేతులెత్తి ఆశీర్వదించడం. మిష్నా అంటుంది: చేతులకి లోపం ఉన్న యాజకుడు చేతులెత్తకూడదు. రబ్బీ యెహూదా (మిష్నా కూర్చిన యెహూదా హనాసి కాదు, ఇంకొకరు) ఇంకోటి కలుపుతాడు: చేతులకి నీలి రంగు, ఎర్ర రంగు అంటుకున్నవాడు కూడా ఎత్తకూడదు, జనం అతన్నే చూస్తారు కాబట్టి.

ఇక్కడ ఆగండి. కారణం ఏమిటో మళ్ళీ చదవండి. ఆ చేతులు అపవిత్రం అనలేదు, దేవుడికి నచ్చవనలేదు. జనం చూస్తారు అన్నారు. చిక్కు చేతిలోంచి జనం కళ్ళలోకి మారింది. పైగా రంగులద్దేవాడి చేతుల్ని, వంకరపోయిన చేతుల్ని ఒకే గాట కట్టారు. ఒకటి పుట్టుక, ఇంకోటి వృత్తి. చూపులు తగలడంలో రెండూ ఒకటే. ఆ ఎర్ర రంగు మన మంజిష్ఠ జాతి మొక్క వేరుదే. పెడన వైపు కలంకారీ పనివాళ్ళనో, పోచంపల్లి వైపు నూలుకి రంగులద్దేవాళ్ళనో చూసినవాళ్ళకి, గోళ్ళ సందుల్లో దిగిపోయి సబ్బుకి వదలని రంగు ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

దాని కిందే చర్చ మొదలవుతుంది. ఊళ్ళో ఎక్కువమంది పని అదే అయితే, రంగు చేతులతో ఆశీర్వదించొచ్చు. ఎందుకంటే ఎవరూ తేరిపార చూడరు. తర్వాత ఇంకో మాట: రవ్ హూనా అనే పండితుడు ఉండే వీధిలో కళ్ళు ఎప్పుడూ నీరు కారే ఒకాయన చేతులెత్తి ఆశీర్వదించేవాడు. రబ్బీ యోహానాన్, ఒక కన్ను లేనివాడు చేతులెత్తకూడదన్నాడు. కానీ ఆయన వీధిలోనే ఒక కన్ను లేనివాడు ఎత్తేవాడు. అదెలా కుదిరింది? ఇద్దరి గురించీ గెమారా ఒకే జవాబిస్తుంది: అతను "దాష్ బెఇరో".

ఈ మాటకి ఇంగ్లీషు అనువాదాల్లో "తన ఊరికి పరిచయమైనవాడు" అన్నట్టు ఉంటుంది. "దాష్" ధాతువుకి అసలు అర్థం తొక్కడం, ధాన్యం నూర్చడం. మనకి ఇంతకన్నా మంచి మాటుంది: నలిగినవాడు. నలిగిన దారి అంటాం, నోట్లో నలిగిన పాట అంటాం. ఆ చేతులు ఊళ్ళో నలిగిన చేతులు. చూసి చూసి ఊరి కళ్ళకి అలవాటైపోయాయి.

కథ అక్కడితో ఆగలేదు. 1565లో వెనిస్‌లో అచ్చయిన షుల్హాన్ ఆరుఖ్ అనే ధర్మశాస్త్రంలో యోసెఫ్ కారో దీన్నింకా ముందుకి తీసుకెళ్ళాడు. ఊరికి అలవాటైనవాడైతే రెండు కళ్ళూ లేకపోయినా ఆశీర్వదించొచ్చు. అలవాటు కావడానికి ఎంతకాలం పడుతుంది? 30 రోజులు.

ముప్ఫై రోజులు! అక్క ఈ అంకె దగ్గర నవ్వింది, వెంటనే కళ్ళు తుడుచుకుంది. మా చుట్టాల పెళ్ళిళ్ళలో గ్రూప్ ఫొటో తీసేటప్పుడు, క్యాలిపర్ కనపడకుండా అక్కని చివర కుర్చీలో కూర్చోబెట్టి ముందు పిల్లల్ని నిలబెడతారు. నలభై ఏళ్ళుగా ఆ కుటుంబంలోనే ఉంది.

వాదించుకోవడానికి ఇక్కడ బోలెడు ఉంది. పరిచయమయ్యేదాకా ఆగమనడం న్యాయమేనా? 30 రోజులు అతను ఎక్కడ కూర్చోవాలి, ఎవరికీ కనపడకుండా ఉంటే అలవాటెలా అవుతుంది? కొత్త ఊరు వెళ్తే మళ్ళీ మొదటికా? (తాత్కాలికంగా వెళ్ళిన ఊళ్ళో 30 రోజులున్నా చెల్లదని కారో అక్కడే రాశాడు.) యాజకులు శాలువా కప్పుకుని ఆశీర్వదించే చోట లోపం ఉన్నా పర్లేదనీ అదే గ్రంథం అంటుంది. అందరి చేతులూ కప్పేస్తే సమానమైనట్టా, దాచినట్టా? అక్క దాచడమే అంటుంది. నాకింకా తేలలేదు.

రాత: మీరు ఏ ఊళ్ళో, ఏ గదిలో, ఏ ఆఫీసులో నలిగినవాళ్ళయ్యారు? అది ఏ రోజు తెలిసింది? లేదా మీ కళ్ళకి మొదట కొత్తగా ఉండి, తర్వాత అలవాటైన ఒక మనిషి గురించి రాయండి. మీరు తేరిపార చూడటం మానేసిన రోజు ఏమైంది? ఈసారి పది నిమిషాలు కాదు, ఇరవై ఇవ్వండి.

ఏడో అడుగు: గ్రంథం లోపల ఉన్న వైకల్యం గలవాళ్ళ మాట వినండి

ఇప్పటిదాకా వేరేవాళ్ళు వాళ్ళ గురించి మాట్లాడారు. రవ్ యోసేఫ్ స్వయంగా చూపు లేని పండితుడు. గుడ్డివాడికి ధర్మాజ్ఞలు వర్తించవని రబ్బీ యెహూదా అన్నాడు. మొదట్లో రవ్ యోసేఫ్ సంతోషించాడట: అదే నిజమని ఎవరైనా చెబితే పండితులకి విందు చేస్తాను, ఎందుకంటే నాకు బాధ్యత లేకపోయినా పాటిస్తున్నాను కదా అని. తర్వాత రబ్బీ హనీనా మాట విన్నాడు: ఆజ్ఞ ఉండి చేసేవాడు, ఆజ్ఞ లేకుండా చేసేవాడి కన్నా గొప్పవాడు. అప్పుడు మాట మార్చాడు: రబ్బీ యెహూదా చెప్పినట్టు కాదని ఎవరైనా అంటే విందు చేస్తాను (కిద్దూషిన్ 31ఎ). మినహాయింపు ఇస్తే దయ అనుకుంటాం. ఆయన బాధ్యతే అడిగాడు. "పాపం, వాడికెందుకులే" అని మిమ్మల్ని వదిలేసిన పని ఒకటి గుర్తు తెచ్చుకుని రాయండి.

ఈ రవ్ యోసేఫే తర్వాత జబ్బుపడి తన చదువంతా మర్చిపోయాడు. శిష్యుడు అబాయే పక్కన కూర్చుని "ఇది మీరే మాకు చెప్పారు" అని గుర్తుచేసేవాడు (నెదారిమ్ 41ఎ). మోషే పగలగొట్టిన రాతిపలకల ముక్కల్ని కూడా కొత్త పలకలతో పాటు మందసంలోనే (వాటిని దాచిన పవిత్రమైన పెట్టెలోనే) ఉంచారనీ, కాబట్టి తన తప్పు లేకుండా చదువు మర్చిపోయిన పండితుణ్ణి అవమానించకూడదనీ ఒక బోధ ఉంది (మెనాహోత్ 99ఎ). అది ఎవరి పేరు మీద ఉందో చూడండి: రవ్ యోసేఫ్. ఇంట్లో మతిమరుపు జబ్బు వచ్చిన పెద్దవాళ్ళుంటే ఈ ముక్కను వాళ్ళ పక్కన కూర్చునే చదవండి.

హగీగా 3ఎ లో ఇంకో కథ. ఇద్దరు మూగ సోదరులు రోజూ చదువుల శాలకి వచ్చి కూర్చునేవారు, తలలూపుతూ పెదవులు కదిపేవారు. రబ్బీ, అంటే మిష్నా కూర్చిన యెహూదా హనాసి, వాళ్ళ కోసం ప్రార్థించాడు, మాట వచ్చింది. చూస్తే వాళ్ళకి ధర్మశాస్త్రం మొత్తం వచ్చు. నాకు ఈ కథలో ఇష్టమైంది అద్భుతం కాదు, అద్భుతానికి ముందు రోజు. అప్పటికే వాళ్ళకి అంతా వచ్చు. అడిగే దారి వేరేవాళ్ళకి తెలియలేదు. పాత ధర్మశాస్త్రం వినలేని, మాట్లాడలేని మనిషిని పసిపిల్లలతో, మతి స్థిమితం లేనివాళ్ళతో కలిపి ఒకే వర్గంగా లెక్కేసేది. సైగ భాషలో మాట్లాడే బధిరులు ఆ వర్గంలోకి రారని అమెరికాలోని కన్సర్వేటివ్ శాఖ ధర్మనిర్ణయ కమిటీ 2011లో తేల్చింది. వర్గాలు మన దగ్గరా ఉన్నాయి. 2016 చట్టం 21 రకాల వైకల్యాలని గుర్తిస్తుంది, సదరం సర్టిఫికెట్ మీద 40 శాతం అని ఉందా లేదా అన్నదాని మీద ఎన్నో ఆధారపడతాయి. మీ దగ్గర అలాంటి కాగితం ఉంటే దాన్నీ చార్టు మధ్యలో పెట్టి (జిరాక్సే, అసలు కాదు) చుట్టూ రాయండి. ఆ కాగితంలో లేనిదేమిటి?

ఇక్కడ మీ సొంత మిద్రాష్ రాయొచ్చు. ప్రార్థనకి ముందు రోజు ఆ సోదరుల్లో ఒకరి మనసులో ఏముంది? రవ్ హూనా వీధిలో నీటి కళ్ళాయన మొదటి 30 రోజులు ఎలా గడిపాడు? మీకు ఆ వైకల్యం లేకపోతే "నేను" అని రాయకుండా పక్కన కూర్చున్న మనిషి గొంతుతో రాయండి. ఆ సోదరుల తల్లిగా రాయండి, లేదా ఆ రోజు పాఠం చెబుతున్నవాడిగా. ఇది ఖచ్చితమైన నియమం కాదు, కానీ తెలియని బాధని ఊహించి రాస్తే జాలి కథ అయి కూర్చుంటుంది. నేను అలా రాసి చింపేసినవి ఉన్నాయి.

ఎనిమిదో అడుగు: నలుగురితో చదివేటప్పుడు

ఇద్దరు కుదిరాక నలుగుర్ని కలుపుకోవచ్చు. మెట్లు లేని చోటు చూసుకోండి. ముక్కల్ని ముందు రోజే పంపండి, అప్పటికప్పుడు చదవడం అందరికీ కుదరదు. ఎవరి వైకల్యం సంగతి వాళ్ళు చెబితేనే వినండి, అడగొద్దు. రాసింది చదివి వినిపించాలన్న బలవంతం పెట్టొద్దు, "పాస్" అంటే పాస్. చదివినవాళ్ళకి "మీరు మాకు స్ఫూర్తి" అనకండి, వాళ్ళు రాసిన వాక్యం గురించి ప్రశ్న అడగండి. ఇంట్లోవాళ్ళ ఒంటి సంగతులు రాస్తే, బయట చదివే ముందు వాళ్ళకి చూపించండి. పెళ్ళి ఫొటో సంగతి ఇక్కడ రాసే ముందు అక్కని అడిగాను. "క్యాలిపర్ కుడి కాలికి అని సరిగ్గా రాయి" అంది.

మొదటి చార్టు మీద తేదీ వేయండి. 30 రోజుల తర్వాత అదే ముక్క, అదే జతగాళ్ళతో, మళ్ళీ పైకి చదవండి. ఏ మాట దగ్గర ఇప్పుడు ఆగుతున్నారో కొత్త రంగుతో గీత గీయండి. మేం వచ్చే ఆదివారం సమూయేలు రెండో గ్రంథం 9వ అధ్యాయం మొదలుపెడుతున్నాం: అయిదేళ్ళప్పుడు దాది చేతిలోంచి పడి రెండు కాళ్ళూ దెబ్బతిన్న మెఫీబోషెతు, దావీదు రాజు బల్ల దగ్గర రోజూ భోంచేసిన మనిషి. అక్క అప్పుడే చార్టు మధ్యలో అంటించి, ఎడమ పక్క మొదటి ప్రశ్న రాసి పెట్టింది: "బల్ల దాకా ఎలా వచ్చేవాడు?"